క్లచ్ పెడల్ నేర్పే మీటల పాఠం



మీ ఇంట్లో బొమ్మ కార్ల పెట్టె ఉంటే ఒకసారి తిరగేసి చూడండి. బానెట్ లేకుండా, ఇంజిన్ బయటికి కనబడుతూ, వెనక చక్రాలు పెద్దవిగా ఉన్న పాతకాలపు కారు ఒక్కటైనా దొరకవచ్చు. దాన్ని హాట్ రాడ్ అంటారు. అది బొమ్మల కంపెనీ ఊహించి చేసింది కాదు. 1930లు, 40లలో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు చౌకగా దొరికే పాత ఫోర్డ్ కార్లు కొని, బరువు తగ్గించి, ఇంజిన్ బలం పెంచి, మ్యూరాక్ లాంటి ఎండిన సరస్సుల మీద పందేలు నడిపేవారు. 1932లో వచ్చిన ఫోర్డ్ వీ-8 వాళ్లకు బాగా ఇష్టమైన కారు.

ఆ సరదా అమెరికాలో ఇప్పటికీ ఉంది. ఒక కంపెనీ బాడీలో మరో కంపెనీ ఇంజిన్, ఇంకో కంపెనీ గేరుబాక్సు పెడతారు. అప్పుడే ఒక చిక్కు వస్తుంది. ఈ మూడూ ఒకదాని కోసం ఒకటి తయారైనవి కావు. కాబట్టి క్లచ్ పెడల్ నుంచి గేరుబాక్సు దాకా ఉండే కడ్డీలు, మీటల వరుసను కారు కట్టేవారే లెక్కవేసుకోవాలి. దీన్నే క్లచ్ లింకేజీ అంటారు. ఆ లెక్క మీ పిల్లలు సైన్సు పుస్తకంలో చదివే మీటల పాఠమే.

క్లచ్ ఏం చేస్తుంది?

ఇంజిన్ చివర ఫ్లైవీల్ అనే బరువైన చక్రం తిరుగుతుంటుంది. దానికి ఆనుకుని క్లచ్ ప్లేటు, ఆ ప్లేటును గట్టిగా అదిమిపట్టే ప్రెజర్ ప్లేటు ఉంటాయి. ఈ మూడూ అతుక్కుని తిరిగితేనే ఇంజిన్ బలం గేరుబాక్సుకు చేరుతుంది. పెడల్ నొక్కితే ఫోర్క్ అనే మీట కదులుతుంది. అది రిలీజ్ బేరింగ్‌ను ప్రెజర్ ప్లేటు వేళ్ల మీదికి తోస్తుంది. పట్టు వదులుతుంది. గేరు మార్చుకుంటాం.

ఆ వేళ్లను నొక్కడానికి చాలా బలం కావాలి. ఉదాహరణకు 144 కిలోల బరువుకు సమానమైన బలం అనుకుందాం. దాన్ని కాలితో నేరుగా మాటిమాటికీ నొక్కడం చాలా కష్టం. అందుకే మధ్యలో మీటలు.

బలం లెక్క, దూరం లెక్క

పెడల్ తిరిగే ఇరుసు నుంచి పాదం పెట్టే చోటుకు 300 మిల్లీమీటర్లు, అదే ఇరుసు నుంచి కడ్డీ తగిలించిన రంధ్రానికి 50 మిల్లీమీటర్లు అనుకోండి. 300ను 50తో భాగిస్తే 6. ఇక్కడ బలం 6 రెట్లయింది. ఫోర్క్ దగ్గర మరో 2 రెట్లు. మొత్తం 12 రెట్లు. 144 కిలోల పని 12 కిలోలతో అయిపోతుంది.

అయితే ఈ లాభం ఉచితం కాదు. బేరింగ్ 10 మిల్లీమీటర్లు కదలాలంటే పాదం 120 మిల్లీమీటర్లు కదలాలి. బలంలో ఎన్ని రెట్లు మిగుల్చుకున్నామో దూరంలో అన్ని రెట్లు చెల్లించాలి.

కొత్తగా కారు కట్టేవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. పెడల్ బరువుగా ఉందని రంధ్రాన్ని ఇరుసుకు దగ్గరగా, 37.5 మిల్లీమీటర్ల దగ్గర వేస్తారు. మొత్తం లాభం 16 రెట్లవుతుంది. 9 కిలోలతోనే పెడల్ దిగుతుంది. కాలికి హాయిగా ఉంటుంది. కానీ ఇప్పుడు పాదం 160 మిల్లీమీటర్లు కదలాలి. ఫ్లోర్ దాకా ఉన్న చోటు 150 మాత్రమే అయితే? పెడల్ నేలకు తగిలినా క్లచ్ పూర్తిగా విడవదు. గేరు వేస్తే పళ్లు కరకరమంటాయి. సిగ్నల్ దగ్గర పెడల్ నొక్కే ఉంచినా బండి ముందుకు పాకుతుంది. మెకానిక్ గేరుబాక్సు విప్పి చూస్తే అందులో ఏ లోపమూ కనబడదు. లోపం లెక్కలో ఉంది. లెక్కలో బలం రాసుకుని, దూరం రాసుకోవడం మరిచారు.

కావాలని వదిలే ఖాళీ

లింకేజీ బిగించేటప్పుడు రిలీజ్ బేరింగ్‌కూ ప్రెజర్ ప్లేటు వేళ్లకూ మధ్య కొంచెం ఖాళీ వదలాలి. సుమారు 1.5 మిల్లీమీటర్లు అనుకుందాం. 12 రెట్ల లింకేజీలో అది పెడల్ దగ్గర 18 మిల్లీమీటర్లుగా తెలుస్తుంది. మెకానిక్‌లు దీన్నే ఫ్రీ ప్లే అంటారు. అంటే మన మొదటి లెక్కలో పాదం మొత్తం కదిలేది 120కి 18 కలిపి 138 మిల్లీమీటర్లు. 150లో సరిపోతుంది.

క్లచ్ ప్లేటు అరిగితే ఈ ఖాళీ పెరుగుతుందని ఎవరైనా అనుకుంటారు. నిజానికి తగ్గుతుంది. ప్లేటు పలచబడినకొద్దీ ప్రెజర్ ప్లేటు ఫ్లైవీల్ వైపు జరుగుతుంది. దాని వేళ్ల కొనలు సీ-సా బల్లలాగా రెండో వైపుకు, అంటే బేరింగ్ మీదికి వస్తాయి. ఖాళీ పూర్తిగా పోయిందంటే కాలు తీసినా క్లచ్ కొంచెం నొక్కే ఉన్నట్టు. ప్లేటు జారి కాలిపోతుంది. పెడల్ మీద పాదం ఆనించి కారు నడిపే అలవాటు వల్ల జరిగే నష్టం కూడా ఇలాంటిదే.

ఇంజిన్ కదిలినా పెడల్ కదలకూడదు

ఇంజిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి యాక్సిలరేటర్ నొక్కగానే కొంచెం ఒరుగుతుంది. ఛాసిస్ మాత్రం కదలదు. పెడల్ ఛాసిస్ మీద, ఫోర్క్ గేరుబాక్సు మీద ఉంటాయి. రెండింటినీ ఒకే కడ్డీతో కలిపితే ఇంజిన్ ఒరిగినప్పుడల్లా క్లచ్ దానంతటదే లాగినట్టవుతుంది, బండి అదురుతుంది. అందుకే మధ్యలో ఒక అడ్డ గొట్టం పెడతారు. దాని ఒక చివర ఇంజిన్ మీద, రెండో చివర ఛాసిస్ మీద, గుండు కీళ్లపై ఆనుతుంది. ఇంజిన్ ఒరిగితే గొట్టం కూడా కొంచెం ఒరిగి సర్దుకుంటుంది. మన భుజం దగ్గర ఉన్నది కూడా ఇలాంటి గుండు కీలే.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

మన దేశంలో వాహనాన్ని రిజిస్ట్రేషన్ వివరాలకు తేడా వచ్చేలా మార్చడానికి చట్టం సాధారణంగా ఒప్పుకోదు. కాబట్టి పిల్లలు హాట్ రాడ్ కడతామంటే బొమ్మలతోనే సరిపెట్టండి. లెక్కకు మాత్రం మీ గేరు బైకు చాలు. ఇంజిన్ ఆపి, తాళం మీ చేతిలో పెట్టుకుని, స్టాండు వేశాక మొదలుపెట్టండి.

1. క్లచ్ లీవర్ చివర ఒక వేలితో లాగమనండి. తర్వాత ఇరుసుకు దగ్గరగా లాగమనండి. ఎక్కడ తేలిక? ఎక్కడ వేలు ఎక్కువ దూరం కదిలింది?

2. లీవర్ చివర స్కేలు పెట్టి, బిగువు తగిలేదాకా ఎన్ని మిల్లీమీటర్లు వదులుగా కదిలిందో కొలవమనండి. ఆ అంకెను బైకు మాన్యువల్‌లో ఉన్నదానితో పోల్చండి. తేడా ఉంటే మీరు తిప్పకండి, మెకానిక్‌కు చెప్పండి.

3. చివరగా ఒక ప్రశ్న అడగండి: "బండి కొత్తదే కదా, ఈ వదులు ఎందుకు ఉంచారు?"

జవాబు వెంటనే చెప్పకండి. రెండు రోజులు ఆగండి. పాఠంలో మీటల సూత్రం అప్పజెప్పగలిగే పిల్లలు చాలామందే ఉంటారు. అదే సూత్రాన్ని స్కేలుతో కొలిచి, బలం ఒక గడిలో, దూరం ఇంకో గడిలో రాసుకుని చూసిన పిల్లలకు అది మళ్లీ కంఠస్థం చేయాల్సిన పని ఉండదు. మీ పిల్లలు రాసిన కొలతల కాగితాన్ని సైన్సు టీచర్‌కు చూపించమని చెప్పండి.