భూసారపు జమాఖర్చు

మన సంఘపు చిట్టాలో జమ లేని ఖర్చు కొంతకాలము సాగవచ్చును. తుదకు నిధి వట్టిపోవుట నిశ్చయము. పొలమునకును ఇట్టి చిట్టా యొకటి గలదు. కాని దానిని వ్రాసి చూచుకొనువారు అరుదు.

ఆఫ్రికా ఖండమున సహారా యెడారికి దక్షిణముననున్న దేశములకు ఈ లెక్కను కట్టినవారు స్టూర్వోగెల్, స్మాలింగ్ అను శాస్త్రజ్ఞులు. 1990లో వారు ప్రకటించిన దానినిబట్టి, 1980 తరువాతి తొలి యేండ్లలో అచటి సేద్యపు భూమి హెక్టారొక్కింటికి సాలునకు సగటున 22 కిలోల నత్రజనిని, 15 కిలోల పొటాషియమును, రెండున్నర కిలోల భాస్వరమును కోల్పోవుచుండెను. ఈ సారము గింజతో గాదెకును, చొప్పతో పసుల దొడ్డికిని, వాన వరదతో వాగునకును, ఇంకిన నీటితో వేళ్లకందని లోతునకును పోవును.

ఇందొక విశేషము గలదు. కెన్యా దేశమున కిసీ ప్రాంతము వానలు మెండుగా గలది, నేలయు సారవంతము. తేయాకు, కాఫీ, మొక్కజొన్న చక్కగా పండును. అయినను 1993లో వెలువడిన లెక్కలో అచట హెక్టారునకు నత్రజని నష్టము 112 కిలోలని తేలినది. కావున పంట నిండుగా వచ్చినంత మాత్రమున నేల కుశలముగా నున్నదని తలపరాదు. గాదె నిండిన యేటనే నేల వెలితి యగుచుండును. అది కంటికి కానరాదు.

ఇది రైతు అజ్ఞానమని యెంచుట తప్పు. ఇంటి చేరువ మడికి పెంట వేసి బాగుచేయుట అచటివా రెరుగుదురు. దూరపు చేలకు చాలునంత యెరువు లేదు. పూర్వము నేలను కొన్నియేండ్లు బీడు విడిచెడివారు. కమతములు చిన్నవైన పిదప అది సాగదయ్యెను.

అయినను ఉపాయములు లేకపోలేదు. బుర్కినా ఫాసోలోని యతెంగా సీమ రైతులు వేసవిలో జేనెడు వెడల్పున చిన్నగోతులు త్రవ్వి, గుప్పెడు పెంట వేసి, వాన రాగానే జొన్నయో సజ్జయో విత్తుదురు. పెంటకు చేరిన చెదలు నేలను తొలిచి నీరింకుటకు దారి చేయును. 'జాయ్' అను నీ పాత పద్ధతిని బాగుచేసి వ్యాప్తి గావించిన యాకుబా సవడోగో అను కర్షకునికి 2018లో రైట్ లైవ్‌లీహుడ్ బహుమాన మొసగబడెను.

మన పటాన్‌చెరువున 1972లో నెలకొనిన ఇక్రిశాట్ సంస్థవారు నైజరు మొదలగు దేశములలో మరియొక పద్ధతిని వ్యాపింపజేసిరి: రసాయనిక యెరువును చేనెల్ల చల్లక, సీసామూతతో కొలిచి మొక్క మొదటనే వేయుట. స్వల్పవ్యయముతో పంట పెరుగును. కాని పంట పెరిగినకొలది నేలనుండి పోవు సారమును పెరుగును. పెంటయు, చొప్పయు తోడు లేనిచో ఇది చాలదు.

మూతెడు యెరువునకైనను రొక్కము కావలెను గదా! కోతకాలమున అప్పులవారి యొత్తిడికి గింజను చౌకగా అమ్ముకొన్నవాడు ఎరువు కొనజాలడు. అందుచే నైజరు రైతుసంఘములు గింజను గిడ్డంగిలో నిలిపి, దానిపై అప్పిచ్చి, ధర హెచ్చినపుడు అమ్మించుచున్నవి. ఆ సొమ్ముతో యెరువు వచ్చును. నేల యప్పు తీరుటకు ముందు రైతు యప్పు తీరవలెనని ఇందువలన తెలియుచున్నది.

సోదర కర్షకులారా! ఈ యేడు ఒక్క చేనికైనను చిట్టా వ్రాయుడు. ఎన్ని బండ్లు బయటికి పోయినవో, ఎన్ని బండ్లు లోనికి వచ్చినవో చూడుడు. తక్కిన మాట ఆ చేనే చెప్పగలదు.