ఎక్స్‌పాత్ ప్రశ్నలలో తెలుగు అక్షరగణన: సొంత ఫంక్షన్ల చేర్పు

ఎక్స్‌ఎంఎల్ రూపంలో భద్రపరచిన పద్యకావ్యాల నుంచి కావలసిన భాగాలను వెదకి తీయడానికి ఎక్స్‌పాత్ అనే ప్రశ్నాభాష ఉపకరిస్తుంది. 1999లో వెలువడిన దాని తొలి ప్రమాణం 27 ఫంక్షన్లను నిర్దేశించింది. వాటిలో స్ట్రింగ్-లెంగ్త్ ఒకటి. దానికి 'స్త్రీ' అనే పదాన్ని అందిస్తే 6 అని బదులిస్తుంది. మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘం. యూనికోడ్ సంకేతాలుగా ఆ లెక్క సరైనదే. ఛందస్సుకు మాత్రం అది ఒకే అక్షరం.

పైథాన్‌లోని ఎల్‌ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీ ఈ ప్రమాణాన్నే అనుసరిస్తుంది. అయితే పరిశోధకుడు రాసుకున్న పైథాన్ ఫంక్షన్‌ను ప్రశ్నలోనే పిలిచే వీలు కల్పిస్తుంది. అక్షరగణనకు కావలసిన నియమం చిన్నది: ప్రతి అచ్చునూ, వెంటనే పొల్లు లేని ప్రతి హల్లునూ ఒక్కొక్కటిగా లెక్కించాలి. గుణింతపు గుర్తులు, సున్న, విసర్గ లెక్కకు రావు. 'డాక్టర్' అన్నప్పుడు చివరి పొల్లుహల్లు ముందరి అక్షరంలో కలిసిపోయి రెండే మిగులుతాయి. ౠకారపు సంకేతం మిగిలిన అచ్చుల వరుసలో కాక విడిగా ఉన్నదని మరువరాదు.

ఈ ఫంక్షన్‌ను ఒక నేమ్‌స్పేస్ కింద నమోదు చేసి, దానికి 'తె' అనే ఉపసర్గను కేటాయిస్తే ప్రశ్న ఇలా ఉంటుంది:

//పద్యం[@ఛందస్సు='ఉత్పలమాల']/పాదం[తె:అక్షరాలు(string(.)) != 20]

ఎక్స్‌ఎంఎల్ మూలకాలకు తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు కనుక ఈ రూపం సాధ్యమైంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. టైపు చేయడంలో అక్షరం జారిన పాదాలు, అదనంగా చేరిన పాదాలు దీనితో బయటపడతాయి.

చిక్కులు ఎక్కువగా ఫంక్షన్‌కు అందే విలువల దగ్గరే వస్తాయి. మొదటి విలువ ఎప్పుడూ ప్రశ్న నడుస్తున్న సందర్భం, పాఠం రెండవది. string(.) బదులు చుక్క మాత్రమే ఇస్తే పాఠానికి మారుగా మూలకాల జాబితా అందుతుంది. పాదంలోనే పాఠాంతర సూచికను పొదిగి ఉంటే string(.) దానినీ కలిపి ఇస్తుంది, అప్పుడు సరైన పాదం కూడా తప్పుగా తేలుతుంది. నేమ్‌స్పేస్ నమోదు ప్రోగ్రామ్ అంతటికీ వర్తిస్తుంది కనుక, ఒక్క ప్రశ్నకే పరిమితం చేయదలచినవారు ఫంక్షన్‌ను ఆ ప్రశ్నతోపాటు విడిగా అందించడం మేలు.

లెక్క 20కి సరిపోయినంత మాత్రాన భ, ర, న, భ, భ, ర, వ గణాలు కుదిరినట్లు కాదు. గురులఘువులను తేల్చే మరొక ఫంక్షన్ రాయవచ్చు గాని, అది ఇంత సులభం కాదు. సంయుక్తాక్షరానికి ముందున్న లఘువు గురువవుతుంది. అయితే ఆ సంయుక్తం తరువాతి పదపు మొదట ఉంటే, ఆ రెండు పదాలు ఒకే సంస్కృత సమాసంలోనివా, వేర్వేరా అన్నదానిపై నిర్ణయం ఆధారపడుతుంది. ఎంత నేర్పుగా రాసిన ఫంక్షనైనా ఆ సంగతిని అక్షరాల వరుస నుంచి గ్రహించలేదు. సమాసపు హద్దులను పాఠ పరిష్కర్తే ఎక్స్‌ఎంఎల్‌లో గుర్తించి ఉంచాలి.