పాత సోవియట్ లెన్స్ డిజిటల్ లైకాకి సెట్ అవుతుందా? కొనేముందు ఇది తెలుసుకోండి

కాజీపేట: అటక మీద పాత ఫెడ్ కెమెరానో, జోర్కీనో దొరికితే వచ్చే మొదటి డౌట్ ఒకటే. రీలు సంగతి సరే, ఆ లెన్స్‌ని ఇప్పటి డిజిటల్ కెమెరాకి పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు. కానీ బిగించగానే పని అయిపోదు. కాజీపేట నుంచి హనుమకొండ వెళ్లి వేయి స్తంభాల గుడిని తీస్తే బ్రహ్మాండంగా వచ్చే అదే లెన్స్, ఇంట్లో పాప ముఖాన్ని దగ్గర్నుంచి తీసేసరికి దెబ్బేస్తుంది. కారణం ఒక మిల్లీమీటరు కూడా లేని తేడా.

రేంజ్‌ఫైండర్ కెమెరాలో లెన్స్ లోంచి చూడం. పక్కనున్న చిన్న కిటికీలోంచి చూస్తాం. అందులో మధ్యలో మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్స్ రింగు తిప్పుతుంటే ఆ రెండు బొమ్మలూ ఒకటవుతాయి. అదే ఫోకస్. రింగు తిప్పినప్పుడు లెన్స్ వెనక భాగం కెమెరా లోపలి చిన్న లివర్‌ని కదుపుతుంది. కెమెరా నమ్మేది ఆ లివర్‌నే. సెన్సర్ మీద బొమ్మ నిజంగా షార్ప్‌గా పడిందో లేదో దానికి తెలియదు.

ఇప్పుడు కాస్త చరిత్ర. సోవియట్ అనగానే రష్యా అనుకుంటాం గానీ, ఫెడ్ పుట్టింది ఇప్పటి యుక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో, 1934లో. జర్మనీ లైకాకి అది కాపీ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్ కంపెనీ జైస్ డిజైన్లు కూడా సోవియట్ చేతికి వచ్చాయి. జైస్ సొనార్ లెన్స్‌లోంచి వచ్చినవే జూపిటర్-3, జూపిటర్-8. అంటే మర లైకాది, ఫోకస్ లెక్క జైస్‌ది. చిక్కంతా ఇక్కడే.

మర బిగించడం ఈజీ. పాత 39 మి.మీ. మర లెన్స్ సెన్సర్‌కి 28.8 మి.మీ. దూరంలో కూర్చోవాలి. లైకా ఎం మౌంట్‌కి ఆ దూరం 27.8. మధ్యలో ఒక మిల్లీమీటరు మందం రింగు, అంటే అడాప్టర్, వేస్తే చాలు. 2006లో వచ్చిన లైకా ఎం8కైనా, 2009 నాటి ఎం9కైనా ఇదే పద్ధతి.

ఫోకస్ లెక్క మాత్రం కలవదు. 50 మి.మీ. లెన్స్ అంటే లైకా లెక్కలో 51.6, సోవియట్ లెక్కలో 52.4. దూరంగా ఉన్న కొండకో, గోపురానికో ఇది పట్టింపే కాదు. మీటరు దూరంలో మాత్రం ఫోకస్ దాదాపు 3 సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. ఎఫ్/2 దగ్గర కంటికి పెట్టిన ఫోకస్ చెవి వైపు పోతుందన్నమాట. ఎఫ్/5.6కో, ఎఫ్/8కో తగ్గిస్తే తేడా చాలావరకు కనిపించదు. అయితే పాత లెన్స్ కొనేదే ఎఫ్/2లో వచ్చే ఆ మెత్తటి బ్యాక్‌గ్రౌండ్ కోసం కదా!

పరిష్కారం ఉంది. లెన్స్ లోపల సన్నటి రింగు వేసి అద్దాల్ని కొంచెం ముందుకు జరుపుతారు. తెలిసిన మెకానిక్ చేయాల్సిన పని, ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో వద్దు. లైవ్ వ్యూ ఉన్న కెమెరా అయితే స్క్రీన్ మీద చూసి ఫోకస్ చేసుకోవచ్చు. ఎం8, ఎం9లలో ఆ సౌకర్యం లేదు. లక్షలు పోసి లైకా కొనలేని వాళ్లకి నిజానికి మిర్రర్‌లెస్ మేలు. సెన్సర్ చూపించిందే ఫోకస్ కాబట్టి ఈ గొడవే ఉండదు.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి ఇంకో ఉచ్చు ఉంది. పాత జెనిట్ కెమెరాల లెన్స్‌లకీ 39 మర ఉంటుంది. చక్కగా బిగుస్తుంది, కానీ వాటి దూరం 45.2 మి.మీ. రేంజ్‌ఫైండర్ మీద అది దండగ. అడిగేటప్పుడు 'ఫెడ్, జోర్కీలదేనా?' అని అడగాలి. ఫెడ్ మీద లైకా పేరు చెక్కి అమ్మే నకిలీలూ ఎక్కువే. జూపిటర్-12 వెనక అద్దం బాగా పొడుచుకొచ్చి ఉంటుంది. కొన్ని డిజిటల్ బాడీల్లో లోపలి భాగాలకి తగలొచ్చు, మీ మోడల్‌కి సరిపోతుందని తేలాకే బిగించండి.

లెన్స్ చేతికొచ్చాక మొబైల్ టార్చ్ లోపలికి వేసి చూడండి. సాలెగూడు లాంటి గీతలు కనిపిస్తే ఫంగస్. మన వానాకాలాలకి బీరువాలో ఉన్న లెన్స్‌కి ఇది మామూలే. రింగు తిప్పితే లెన్సే ఊడి వస్తోందంటే లోపల గ్రీజు గట్టిపడింది. తర్వాత టేబుల్ మీద స్కేలు ఏటవాలుగా పెట్టి, 10 అంకెకి ఫోకస్ చేసి, ఎఫ్/2లో ఒక ఫొటో తీయండి. జూమ్ చేస్తే 10 బదులు 12, 13 షార్ప్‌గా కనిపించిందా? రిటర్న్ గడువు దాటకముందే అమ్మినవాళ్లకి చెప్పండి.