వకీలు గుమస్తా: ఎంతవరకు ఆయన పని, ఎక్కడ ఆగాలి

కోర్టు ఆవరణలో అడుగుపెట్టిన కక్షిదారుకు ముందుగా ఎదురయ్యేది వకీలు కాదు, వకీలు గుమస్తా. వాయిదా ఎప్పుడో చెప్పేది ఆయన. వకాల్తా మీద సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించేది ఆయన. సాయంత్రం ఫోన్ చేస్తే ఎత్తేదీ ఆయనే. అందుకే మన ఊళ్లలో చాలామందికి న్యాయవ్యవస్థ అంటే ఆ మనిషి ముఖమే గుర్తొస్తుంది. ఆయన మంచివాడైతే కోర్టు మంచిదనిపిస్తుంది, కాకపోతే కోర్టు మీదే నమ్మకం పోతుంది.

నేను గోదావరి జిల్లాల్లో సివిల్ కేసులు చూసే వకీలును. భూమి తగాదాలు, పంపకాల దావాలు, ప్రామిసరీ నోట్లు, ఇంటి అద్దెల గొడవలు నా రోజువారీ పని. ఇన్నేళ్లలో నాకు బాగా తెలిసొచ్చింది ఒకటుంది. వకీలు ఎంత చదివినా, పక్కన నిలబడే మనిషి తన పని హద్దు తెలిసినవాడు కాకపోతే ఆ చదువు కక్షిదారుకు పూర్తిగా అందదు. ఆ హద్దు ఏమిటో కక్షిదారుకూ తెలియాలి.

ఒక కాపీ కాగితం కథ

గుమస్తా పనిని చాలామంది కట్టలు మోయడం అనుకుంటారు. కాపీ అప్లికేషన్ అనే ఒక్క పనిని దగ్గరగా చూస్తే ఆ అభిప్రాయం మారుతుంది.

కింది కోర్టులో దావా ఓడిపోయాం, అప్పీలుకు వెళ్లాలి. లిమిటేషన్ చట్టం ప్రకారం జిల్లా కోర్టులో అప్పీలుకు గడువు 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. అప్పీలుతో పాటు తీర్పు, డిక్రీల సర్టిఫైడ్ కాపీలు జత చేస్తాం. ఆ కాపీలు తీయడానికి పట్టిన కాలాన్ని గడువులోంచి మినహాయిస్తారు. కాపీ కోసం అప్లికేషన్ వేశాక పట్టిన కాలానికే ఆ మినహాయింపు. అప్లికేషన్ వేయకముందు డిక్రీ తయారు కావడానికి కోర్టుకు ఎన్ని రోజులు పట్టినా అవి మన లెక్కలోకే వస్తాయని చట్టం 12వ సెక్షన్ వివరణ స్పష్టంగా చెబుతోంది.

సర్టిఫైడ్ కాపీ మీద ఒక ముద్ర ఉంటుంది. అప్లికేషన్ వేసిన తేదీ, స్టాంపులు కావాలని నోటీసు పెట్టిన తేదీ, స్టాంపులు దాఖలు చేసిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, తీసుకున్న తేదీ వరసగా రాసి ఉంటాయి. నోటీసు బోర్డు మీద మన నంబరు పడ్డాక స్టాంపులు ఇవ్వడంలో ఆలస్యం చేస్తే ఆ రోజులూ మన ఖాతాలోనే పడతాయి. తీర్పు వచ్చిన సాయంత్రమే అప్లికేషన్ వేసి, రోజూ బోర్డు చూసే గుమస్తా ఉన్న ఆఫీసులో అప్పీలు సకాలంలో పడుతుంది. లేకపోతే ఆలస్యానికి కారణాలు చెప్పుకుంటూ, మన్నించమని వేరే పిటిషన్ వేసుకోవాలి. మూడెకరాల పొలం ఆ ముద్రలోని తేదీల మీద ఆధారపడిన కేసులు నేను చూశాను.

ఫైలింగ్ సెక్షన్ అభ్యంతరాలు రాసి ప్లెయింటు, అంటే దావా పత్రం, రిటర్న్ చేస్తే సరిచేసి మళ్లీ గడువులోపల వేయడం, సమన్లకు ప్రాసెస్ ఫీజు కట్టడం, కాజ్ లిస్టు చూసి డైరీ రాయడం, పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరుతో ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు ఎక్కడుందో కక్షిదారుకు చూపించడం, ఇప్పుడైతే స్కాన్ చేసి ఈ-ఫైలింగ్ చేయడం, ఇవన్నీ ఆయన పనులే. ఇందులో ఏదీ చిన్న పని కాదు.

ఏ ప్రశ్నకు ఎవరు జవాబు చెప్పాలి

హద్దు తెలియాలంటే కక్షిదారులు అడిగే ప్రశ్నలనే పక్కపక్కన పెట్టి చూడాలి. "వాయిదా ఎప్పుడండీ?", "ఏ కాగితాలు తేవాలి?", "కోర్టు ఫీజు కట్టారా?", "కేసు ఏ దశలో ఉంది?" వీటికి గుమస్తా జవాబు చెప్పొచ్చు, చెప్పాలి కూడా. ఇవి సమాచారం.

"గెలుస్తామా?", "అన్నయ్య రాజీకి రమ్మంటున్నాడు, వెళ్లమంటారా?", "ఈ కాగితం మీద సంతకం పెడితే నా వాటా పోతుందా?" ఇవి సలహాలు. చట్టాన్ని ఆ మనిషి పరిస్థితికి అన్వయించి చెప్పాల్సిన మాటలు. వీటికి జవాబు వకీలు నోటి నుంచే రావాలి.

మా ఆఫీసుకు ఒకావిడ వచ్చింది. భర్త పోయాడు, మరిది పంపకాల కాగితం రాయించి తెచ్చాడు. నేను కోర్టులో ఉన్నాను. ఆవిడ మా గుమస్తా గారిని అడిగింది: "బాబాయ్ గారూ, మీరు ఇన్నేళ్లుగా చూస్తున్నారుగా, సంతకం పెట్టేయమంటారా?" ఆయనకు ఆ కాగితంలో లోపం తెలుసు. ఆయన చదివిన పంపకాల దస్తావేజులు చాలామంది జూనియర్లు చదివి ఉండరు. అయినా ఆయన అన్నది ఇంతే: "అమ్మా, ఈ మాట నేను చెప్పకూడదు. మేడమ్ నాలుగింటికి వస్తారు. అప్పటిదాకా ఎవరు తొందరపెట్టినా సంతకం మాత్రం పెట్టకండి. కాగితం ఇక్కడే ఉంచి కూర్చోండి, మంచినీళ్లు తెప్పిస్తాను." తెలిసి కూడా ఆగడం ఈ వృత్తిలో పెద్ద నైపుణ్యం. ఆ ఓర్పుకు నేను మనసారా నమస్కరిస్తాను.

చట్టం ఏమంటోంది

న్యాయవాద వృత్తి చేసే హక్కు ఎన్‌రోల్ అయిన అడ్వొకేట్లకే ఉందని 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం చెబుతోంది. హక్కు లేకుండా కోర్టులోనో మరో అధికారి ముందో ప్రాక్టీసు చేస్తే ఆరు నెలల వరకు జైలు. వృత్తి అంటే కోర్టులో వాదించడం ఒక్కటే కాదు, అభిప్రాయం చెప్పడం, కాగితాలు తయారుచేయడం వంటి కోర్టు బయటి పనులూ అందులోకే వస్తాయని 2018లో ఏ.కె.బాలాజీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వకీలు చెప్పగా, వకీలు సరిచూడగా గుమస్తా డ్రాఫ్టు టైపు చేయడం తప్పు కాదు. వకీలు చూడకుండా తన పేరుతో తానే చెలామణీ చేస్తే తప్పు.

ఇంకో మాట దళారుల గురించి. కోర్టు గేటు దగ్గర, పోలీస్ స్టేషన్ దగ్గర కేసులు పట్టి కమీషన్ మీద అప్పగించేవాళ్ల జాబితాలు తయారుచేసి ప్రకటించే అధికారాన్ని, వాళ్లను శిక్షించే నిబంధనను 2023 సవరణతో 45-ఎ సెక్షన్‌గా ఇదే చట్టంలో చేర్చారు. జాబితాలో పేరున్నవాడు ఆ పని చేస్తే మూడు నెలల వరకు జైలు, 500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. గుమస్తా గౌరవం నిలవాలంటే ఆయనకూ దళారికీ మధ్య తేడా జనానికి తెలియాలి. గుమస్తా ఒక వకీలు ఆఫీసుకు జవాబుదారీ. దళారి ఎవరికీ జవాబుదారీ కాదు.

రహస్యం, రూపాయి, సంతకం

ఆఫీసులో విన్న మాట బయటికి పోకూడదు. ఇది మర్యాద మాత్రమే కాదు, చట్టం. కక్షిదారు వకీలుకు చెప్పిన విషయాలు అతని అనుమతి లేకుండా బయటపెట్టరాదన్న నియమం వకీళ్ల గుమస్తాలకు, ఉద్యోగులకు, దుబాసీలకూ వర్తిస్తుంది. పాత సాక్ష్య చట్టంలో ఉన్న ఈ రక్షణ 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్‌లో కొనసాగింది. కొలువు మానేసినా ఆ బాధ్యత పోదు. కోర్టు క్యాంటీన్లో టీ తాగుతూ "మా వాళ్ల దగ్గర అసలు దస్తావేజు లేదు" అన్న ఒక్క మాట చాలు కేసు తలకిందులు కావడానికి. అవతలి వకీలు ఆఫీసుకు మారిన గుమస్తా పాత కేసు జోలికి పోకుండా చూడాల్సింది కొత్త వకీలు.

రెండోది డబ్బు. కోర్టు ఫీజు వేరు, ప్రాసెస్ ఖర్చు వేరు, వకీలు ఫీజు వేరు. ఫీజు ఎంతో నిర్ణయించాల్సింది వకీలు. కక్షిదారు సొమ్ముకు లెక్క ఉంచడం వకీలు బాధ్యతని బార్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నాయి. మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. గుమస్తా గారి చేతికి వంద రూపాయలిచ్చినా కార్బన్ పేపర్ పెట్టిన రసీదు పుస్తకంలో ఎందుకోసమో రాసి ఒక చీటీ చింపి ఇస్తారు. దానివల్ల కక్షిదారుకు ఎంత ధైర్యమో, గుమస్తాకూ అంతే. రేపు ఎవరైనా ఆయన మీద నింద వేస్తే ఆ పుస్తకమే ఆయనకు సాక్షి.

మూడోది తెల్లకాగితాల మీద సంతకాలు. "మళ్లీ మళ్లీ రాలేరు కదా, రెండు మూడు సంతకాలు పెట్టి వెళ్లండి" అని అడగడం చాలాచోట్ల అలవాటైంది. దీన్ని ఖచ్చితంగా మానాలి. అఫిడవిట్ అంటే ప్రమాణం చేసి చెప్పే మాట. దాన్ని చదివి వినిపించాలి, ధ్రువీకరించే వ్యక్తి ఎదుటే సంతకం చేయించాలి. చదువురాని మనిషి వేలిముద్ర వేస్తున్నప్పుడు ఆ జాగ్రత్త రెండింతలుండాలి.

ఊళ్లోకి నడిచివెళ్లిన సహాయకులు

వకీలు ఆఫీసు బయట కూడా న్యాయ సహాయకులున్నారు. జాతీయ న్యాయ సేవల సంస్థ, అంటే నల్సా, 2009లో పారా లీగల్ వాలంటీర్ల పథకం తెచ్చింది. టీచర్లు, రిటైరైన ఉద్యోగులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, స్వయం సహాయక సంఘాల మహిళలు, విద్యార్థులు ఇందులో చేరొచ్చు. దీర్ఘకాల శిక్ష అనుభవిస్తున్న, మంచి నడవడి ఉన్న చదువుకున్న ఖైదీలకు కూడా అవకాశం ఇచ్చారు. శిక్షణ ఇచ్చి గుర్తింపు కార్డు ఇస్తారు. ఉచిత న్యాయ సహాయానికి అర్హులైనవాళ్లను జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దాకా తీసుకురావడం వాళ్ల పని. జనం దగ్గర డబ్బు తీసుకోకూడదు. రాజకీయ పార్టీలో చురుగ్గా తిరిగితే తొలగించవచ్చు. ఉచిత న్యాయ సహాయం కోసం 15100 నంబరుకు ఎవరైనా ఫోన్ చేయొచ్చు.

అంతకు ముందే మన తెలుగు నేల మీద ఒక గొప్ప ప్రయత్నం జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇందిరా క్రాంతి పథం కింద గ్రామాల్లోని పేద కుటుంబాల యువతీయువకులకు భూమి చట్టాల్లో శిక్షణ ఇచ్చి పారా లీగల్స్‌గా తయారుచేశారు. వాళ్లు స్వయం సహాయక సంఘాల మండల సమాఖ్యల తరఫున పనిచేశారు. అడంగల్లో పేరు ఒకరిది, సాగులో మరొకరు, పాస్ పుస్తకం ఇంకొకరి చేతిలో ఉండే చిక్కులను రికార్డులతో, పొలం గట్టు మీద విచారణతో పోల్చిచూసి తహసీల్దారు ముందు పెట్టారు. చట్టపరమైన చిక్కు వస్తే పై స్థాయిలో న్యాయశాస్త్రం చదివినవాళ్లను అడిగారు. కింది మనిషి వాస్తవాలు తెస్తాడు, పై మనిషి చట్టం చూస్తాడు. ఎవరి హద్దు వాళ్లకు స్పష్టంగా ఉండటమే ఆ పద్ధతి బలం.

బయటి దేశాల్లోనూ ఇదే సూత్రం. అమెరికన్ బార్ అసోసియేషన్ మార్గదర్శకాల ప్రకారం కక్షిదారుతో సంబంధం ఏర్పరచుకోవడం, ఫీజు నిర్ణయించడం, న్యాయాభిప్రాయం చెప్పడం అనే మూడు బాధ్యతలు వకీలు పారాలీగల్‌కు అప్పగించరాదు. సహాయకుడి నడవడికి వకీలే జవాబుదారీ. కెనడాలోని ఆంటారియో మరో దారి పట్టింది. అక్కడ 2007 నుంచి పారాలీగల్స్‌కు లైసెన్సు ఇచ్చి, చిన్న మొత్తాల దావాల వంటి కొన్నిచోట్ల స్వయంగా వాదించే వీలు కల్పించారు. అమెరికాలో వీసా పనుల మీదున్న మన పిల్లలు చాలామంది పారాలీగల్‌తోనే ఈమెయిళ్లు నడుపుతారు. తమ తరఫున జి-28 ఫారం మీద సంతకం చేసిన అటార్నీ ఎవరో అడిగి తెలుసుకోవడం వాళ్లకూ మేలు.

నీతి నిలవాలంటే జీతం ఉండాలి

హద్దుల గురించి ఇంత చెప్పాక, ఆ హద్దులో నిలబడే మనిషి బతుకు గురించి చెప్పకపోతే అన్యాయం. గుమస్తాల సంక్షేమ నిధి కోసం మన రాష్ట్రంలో 1992లోనే చట్టం చేశారు. అది మంచి అడుగు. కానీ నెల నెలా ఇల్లు గడవాల్సింది వకీలు ఇచ్చే జీతంతో. జీతం చాలనప్పుడు కక్షిదారు చేతివైపు చూడాల్సి వస్తుంది. అక్కడే హద్దు చెరిగిపోవడం మొదలవుతుంది. గుమస్తాకు కడుపు నిండా జీతమివ్వని వకీలుకు, ఆయన నీతి గురించి మాట్లాడే అర్హత లేదని నా గట్టి నమ్మకం.

బార్ అసోసియేషన్లు చేయదగిన పనులు నాలుగున్నాయి. ప్రతి గుమస్తాకు ఏ వకీలు దగ్గర పనిచేస్తున్నారో తెలిసేలా ఫొటో గుర్తింపు కార్డు ఇప్పించడం. ఈ-ఫైలింగ్, లిమిటేషన్ లెక్కలు, కొత్త చట్టాల మీద ఏటా శిక్షణ పెట్టడం. గుమస్తా చెప్పదగినవి, చెప్పకూడనివి తెలుగులో రాసి ప్రతి ఆఫీసు గోడకూ అతికించడం. కనీస జీతం మీద వకీళ్లంతా ఒక మాటకు రావడం. ఇందులో పెద్ద ఖర్చేమీ లేదు, మనసుంటే చాలు.

కక్షిదారులకు నా విన్నపం కూడా సూటిదే. వకాల్తా మీద ఏ వకీలు పేరుందో చదవండి. ఆ వకీలుతో ఒక్కసారైనా ఎదురుగా కూర్చుని మాట్లాడండి. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. "ఈ మాట వకీలు గారినే అడగండి" అని చెప్పే గుమస్తా దొరికితే, ఆయన పని తప్పించుకుంటున్నాడని విసుక్కోకండి. మీ కేసు భద్రమైన చోటే ఉందని నమ్మండి.