ఈ వారం మాట: అవంక్యులర్

ఈ వారం మనం చెప్పుకోబోయే ఇంగ్లీషు విశేషణం "అవంక్యులర్". పలికేటప్పుడు "వంక్" దగ్గర కాస్త ఒత్తాలి. ఇది రోజూ వినబడే మాట కాదు. నాకైతే ఒక కష్టంలో పరిచయమైంది.

కొన్నేళ్ల క్రితం గుంటూరులో మా మేనమామ పోయారు. చిన్నప్పుడు నాకు చెవులు కుట్టించింది ఆయన ఒళ్లోనే. మా చెల్లెలి పెళ్లిలో ఆమెను గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి తెచ్చిందీ ఆయనే. సెలవు కావాలంటే ఇక్కడ ఆఫీసులో "ఎవరు పోయారు?" అని అడిగారు. "అంకుల్" అన్నాను. దగ్గరి బంధువులు పోతే ఇచ్చే సెలవుల జాబితాలో అంకుల్ లేడన్నారు. వాళ్లను మాత్రం ఏమనగలం? పక్కింటాయన్నీ, గుళ్లో కనబడినాయన్నీ మన పిల్లలు అంకులే అంటారు. ఆ మాటలో మా మామయ్య ఎవరికి కనబడతారు? నా సొంత సెలవు పెట్టుకుని బయల్దేరాను. ఆఖరి చూపు దక్కలేదు, పెద్దకర్మకు అందుకున్నాను.

తిరిగొచ్చాక నాతో పనిచేసే ఒక అమెరికన్ పెద్దాయన పలకరించి, మామయ్య గురించి చెప్పమన్నారు. అంతా విని, "అయితే ఆయన అసలు అర్థంలో అవంక్యులర్ అన్నమాట" అన్నారు. ఇంటికొచ్చి నిఘంటువు తీశాను.

లాటిన్ భాషలో "అవుంకులుస్" అంటే అమ్మ సోదరుడు. అంటే అచ్చంగా మన మేనమామే! "అవుస్" అంటే తాత కాబట్టి, ఈ మాటకు మూలార్థం "చిన్న తాత". నాన్న సోదరుణ్ణి రోమన్లు "పత్రుయుస్" అనేవారు. వాళ్ల రచనల్లో పత్రుయుస్ అంటే గద్దించే మనిషి. మన బాబాయిలు కోప్పడకండి, అన్నది రోమన్లు! పాత ఇంగ్లీషులోనూ ఈ ఇద్దరికీ వేరువేరు మాటలుండేవి. 1066లో నార్మన్లు వచ్చాక ఫ్రెంచి మాటలు వెల్లువెత్తాయి. అవుంకులుస్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన "అంకుల్" ఆ పాత మాటలను మింగేసింది.

ఇక వాడుక. ఈ రోజుల్లో అవంక్యులర్ అంటే మేనమామ అనే కాదు, అంకుల్‌లాంటి ఎవరైనా సరే. వయసులో పెద్దవాడై, ఆప్యాయంగా, కాస్త హాస్యంగా, భయపెట్టకుండా మంచి చెప్పే మగవాడి తీరుకు ఈ మాట వాడతారు. అవంక్యులర్ చిరునవ్వు, అవంక్యులర్ గొంతు, అవంక్యులర్ సలహా అనవచ్చు. 1962 నుంచి 1981 దాకా సీబీఎస్ టీవీలో సాయంత్రం వార్తలు చదివిన వాల్టర్ క్రాంకైట్‌ను జనం "అంకుల్ వాల్టర్" అనేవారు. ఆయన్ని వర్ణించేవారు తరచుగా ఈ విశేషణమే వాడతారు.

రెండు జాగ్రత్తలు. పాతికేళ్ల కుర్రాణ్ణి అవంక్యులర్ అంటే మెచ్చుకున్నట్టు ఉండదు, ముసలాణ్ణి చేసినట్టు ఉంటుంది. ఏ నాయకుడో అవంక్యులర్‌గా మాట్లాడాడని పత్రికలో రాస్తే, ఒక్కోసారి అందులో చిన్న చురక ఉంటుంది: మనల్ని చిన్నపిల్లల్ని చేసి బుజ్జగిస్తున్నాడని.

ఆ సంగతి తెలిశాక మా ఇంట్లో ఒక అలవాటు మార్చుకున్నాం. మా అమ్మాయి స్నేహితులతో మాట్లాడేటప్పుడు "మై అంకుల్" అనడం మానేసి, "మై మామయ్య, మా అమ్మ తమ్ముడు" అని చెబుతోంది. ఆ ఒక్క ముక్క కలిపితే అవతలివాళ్లకు బంధం తెలుస్తోంది. రేపు తనకు ఇలాంటి కష్టమొస్తే, పోయినవారు ఎవరో చెప్పడానికి నాలాగా తడుముకోదు. మీ ఇంట్లోనూ ప్రయత్నించి చూడండి.

వచ్చే వారం మరో మాటతో కలుద్దాం. అంతవరకు సెలవు.