నల్లగొండ బకెట్లో అగ్నిపర్వతపు ఉప్పు

అగ్నిపర్వతాల పగుళ్లలోంచి పొగలు చిమ్మేచోట రాళ్లమీద తెల్లగా పెచ్చు కడుతుంది. అందులో దొరికే ఒక ఖనిజం పేరు అల్యునోజెన్. అల్యూమినియం సల్ఫేటు, స్ఫటికంలో ఇమిడిపోయిన నీళ్లు, ఇంతే అందులో ఉండేది. గోటితో గీరినా గీత పడేంత మెత్తన. నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది. నాలుగు వానలు పడితే జాడ కూడా మిగలదు కాబట్టే అంత అరుదు.

పొగలోని గంధకపు వాయువులు తేమతో కలిసి గంధకామ్లంగా మారతాయి. ఆ ఆమ్లం రాతిలోని అల్యూమినియంను తినేస్తే ఈ ఉప్పు తయారవుతుంది. ఫ్యాక్టరీల్లో జరిగేదీ దాదాపు ఇదే. బాక్సైట్‌ను గంధకామ్లంతో కరిగిస్తే వచ్చేదే నీళ్ల ట్యాంకుల దగ్గర బస్తాల్లో కనిపించే ఆలం. మంగలి షాపులో గడ్డానికి రుద్దే పటిక దీనికి అన్నదమ్ముల బిడ్డ. అందులో అదనంగా పొటాషియం ఉంటుంది.

ఈ ఆలం మన జిల్లా పేరును దేశాలు దాటించిందని తెలుసా? నల్లగొండ భూగర్భంలోని గ్రానైట్ నుంచి ఫ్లోరైడ్ బోరు నీళ్లలోకి దిగి, తరాల తరబడి పళ్లకు గార పట్టించింది, ఎముకలు వంచింది. నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరు స్థిరపడింది. నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, ఆలం కలిపి ముందు జోరుగా, తర్వాత మెల్లగా తిప్పాలి. ఏర్పడిన తెల్లటి మడ్డి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతుంది. గంటసేపు ఆగి పైతేట వంచుకోవడమే. కరెంటు అక్కర్లేదు, బకెట్ చాలు. కానీ రోజూ మందు కొలిచి వెయ్యాలి, మడ్డి ఎక్కడో పారబొయ్యాలి, మోతాదు తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. కాగితం మీద ఉన్నంత సులువుగా ఊళ్లలో సాగకపోవడానికి కారణం ఈ రోజువారీ చాకిరే.

టాంజానియాలో మేరు అనే అగ్నిపర్వతం ఉంది. దాని దగ్గరి ఊళ్ల నీళ్లలోనూ ఫ్లోరైడే. 1990లలో అక్కడి ఇళ్లలో బకెట్లతో వాడి చూసింది మన నల్గొండ టెక్నిక్‌నే!

అగ్నిపర్వతం ఫ్లోరైడ్‌ను గాలిలోకీ ఊదుతుంది. 1783లో ఐస్‌లాండ్‌లోని లాకి పేలినప్పుడు ఆ విషం పడ్డ గడ్డి మేసి, ఆ దేశపు గొర్రెల్లో ఐదింట నాలుగు వంతులు చచ్చిపోయాయి.

మరి మనకు అగ్నిపర్వతాలే లేవా? పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇప్పటి నారాయణపేట వైపు, మద్దూరు, కోటకొండల దగ్గర కింబర్లైట్ గొట్టాలున్నాయి. సుమారు 110 కోట్ల ఏళ్ల కింద భూమి లోతుల్లోంచి పైకి తన్నుకొచ్చిన లావా దారులవి. వాటి నోళ్ల దగ్గర ఏ ఉప్పు పేరుకున్నా ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది.

చివరగా పనికొచ్చే మాట. బిందెలో పటిక ముక్క నాలుగుసార్లు తిప్పితే మట్టి పేరుకుంటుందే తప్ప ఫ్లోరైడ్ పోదు. కాచినా పోదు, ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది. మన ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేనిచోట 1.5 వరకు. ఇప్పటికీ బోరు నీళ్లే తాగుతుంటే, ముందు ఒక సీసాడు పట్టుకెళ్లి పరీక్ష చేయించండి.