చరణ్‌జిత్ సింగ్: ఆలస్యంగా వినిపించిన సింథసైజర్ రాగాలు

హిందీ చిత్రసీమ రికార్డింగ్ థియేటర్లలో వాద్యకారుడిగా జీవితం గడిపిన చరణ్‌జిత్ సింగ్ 1982లో ఒక ఎల్‌పీ రికార్డును రూపొందించారు. భైరవి, లలిత్, మాల్కౌంస్ వంటి పది రాగాలను డిస్కో లయపై సింథసైజర్లతో వాయించిన ఆ రికార్డును హెచ్‌ఎంవీ విడుదల చేసింది. శ్రోతలు పట్టించుకోలేదు.

ఆయన వాడినవి జపాన్‌కు చెందిన రోలండ్ సంస్థ పరికరాలు: జూపిటర్-8 కీబోర్డు, టీఆర్-808 డ్రమ్ యంత్రం, టీబీ-303. బేస్ గిటార్‌కు ప్రత్యామ్నాయంగా తయారైన ఈ మూడవ యంత్రం సరిగా అమ్ముడుపోక, కొద్ది సంవత్సరాలకే దాని ఉత్పత్తి నిలిచిపోయింది. అయితే ఒక స్వరం నుంచి మరొక స్వరానికి తెగకుండా జారే గుణం దానికి ఉంది. మన సంగీతంలో ‘జారు’ అని పిలిచే గమకానికి అది దగ్గరి చుట్టం. మాల్కౌంస్‌ను హిందోళంగా ఎరిగిన తెలుగు శ్రోతకు ఈ పోలిక వెంటనే స్ఫురిస్తుంది.

1987లో షికాగోకు చెందిన ఫ్యూచర్ బృందం అదే యంత్రంతో ‘యాసిడ్ హౌస్’ శైలికి నాంది పలికింది. అందువల్లనే నెదర్లాండ్స్‌కు చెందిన రికార్డుల సేకర్త ఎడో బౌమన్ 2010లో సింగ్ రికార్డును తిరిగి విడుదల చేసినప్పుడు, ఇది ఇటీవల అల్లిన బూటకమని కొందరు అనుమానించారు. అలాగని ఆ శైలికి ఆయనే ఆద్యుడనడం అతిశయోక్తి. షికాగో యువకులు ఈ రాగాలను విన్నారనడానికి ఆధారం లేదు.

డెబ్బై ఏళ్లు పైబడ్డాక సింగ్‌కు ఐరోపా వేదికల నుంచి ఆహ్వానాలు అందాయి. మనుమల వయసు యువత ఆయన లయకు నర్తించింది. 2015 జూలైలో ముంబయిలో ఆయన కన్నుమూశారు. గుర్తింపు వచ్చిన తరువాత మిగిలినవి ఐదేళ్లే.